తూముకు మామగారి పేరు

ఆ రోజు ఉదయం బురుల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు కంప్యూటరు ముందు కూర్చుని ఒక్క వరస టైపు చెయ్యాలి. నాలుగు కిలోమీటర్ల ఎగువన, నది ఒడ్డునున్న తూము తలుపు జానెడు లేచి ఆగాలి. ఆక్-జార్ కాలువలోకి ఈ సంవత్సరపు మొదటి నీళ్ళు రావాలి. కింద పచ్చికలో కూర్చున్న జనం సంతోషించాలి. తొమ్మిదింటికల్లా తను ఇంటికి పోయి వెన్న చిలకాలి. అంతే.

ఇంత చిన్న పథకం కోసం ఆ పిల్ల నాలుగు నెలలు కళ్ళు పాడుచేసుకుంది. కాలువ సంఘంవారి పాత సోవియట్ యంత్రం ఆ చలికాలంలో గుటుక్కుమంది. దాని బదులు, బడివాళ్ళు పారేద్దామనుకున్న కంప్యూటరొకటి సంఘానికి దొరికింది. అందులో డాస్ అనే పాతకాలపు వ్యవస్థ తప్ప ఇంకేదీ నడవదు. హార్డ్ డిస్కు ఎప్పుడో పోయింది, బతుకంతా ఫ్లాపీ మీదే. కొత్తది కొందామంటే సంఘం పెద్దలు కొత్త నది తవ్వమన్నట్టు చూశారు. బిష్కెక్‌లో గణితం చదివి, ఎనిమిది నెలల క్రితం ఈ తాలాస్ లోయకు కోడలై వచ్చిన బురుల్, సరే ఉన్నదాంతోనే కానిద్దామని ఆ డాస్ మీద పునాది నుంచి తనే ఒక ఫోర్త్ కట్టుకుంది.

ఫోర్త్ అంటే మరేం బ్రహ్మవిద్య కాదు, మాటల మీద మాటలు పేర్చే భాష. యంత్రానికి ముందు చిన్నచిన్న మాటలు నేర్పాలి. వాటితో పెద్ద మాటలు కట్టాలి. ఆ పెద్దవాటితో ఇంకా పెద్దవి. ముందు ఎంత, తర్వాత ఎవరు, చివర ఏం చెయ్యాలి అన్నది అందులో వరస. కిర్గిజ్ ముసలివాళ్ళు పొయ్యి దగ్గర కూర్చుని మాట్లాడే వరస కూడా అదే. అందుకని బురుల్ ఇంగ్లీషు మాటలన్నీ పీకేసి 'చూపించు', 'దాచు', 'మరచిపో' అని తమ భాషలోనే పెట్టుకుంది. వాటి పైన మోటారు మాటలు, తూము దగ్గర ఆ మోటారును నడిపే రిలే పెట్టె మాటలు కట్టింది. అన్నిటికంటే పైన 'కాపలా' అన్న మాటను కూర్చోబెట్టింది. తలుపు ఎంత లేచిందో చూస్తూ, చెప్పినంత లేవగానే మోటారును ఆపడం దాని పని.

అంతా బాగానే ఉంది గానీ, తూము పేరు దగ్గర వచ్చింది చిక్కు.

ఆ తూము తలుపును డెబ్భై ఎనిమిదిలో అతుకులు వేసి నిలబెట్టినవాడు బురుల్ మామగారు దోరోన్‌బెక్. తలుపు మీద గజమెత్తు అక్షరాల్లో ఆయన పేరే ఉంది. పాత యంత్రంలోనూ ఆ తూమును ఆయన పేరుతోనే పిలిచేవారు. ఫిబ్రవరిలో ఒకరోజు ఆయన తెల్ల కల్పాక్ టోపీ సర్దుకుంటూ గుమ్మంలో నిలబడి, "కొత్తదాంట్లో కూడా నా పేరుంటుందిగా, కోడలా?" అని అడిగాడు. కోడలు తల వంచుకుని "ఉంటుంది" అంది. అని ఊరుకుంది గానీ, ఎలా ఉంటుంది? ఆ ఊళ్ళో కోడలు మామగారి పేరు పలకదు. భార్య భర్త పేరు పలకదు. బురుల్ అత్తగారు ఊల్కాన్ అయితే నలభై ఒక్క ఏళ్ళుగా ఆ పేరు ఎత్తకుండా 'మా ముసలాయన'తో సంసారం లాక్కొచ్చింది. పెళ్ళినాటికి ఆయన వయసు ఇరవై మూడు.

"నోటితో అనకూడదు సరే అత్తయ్యా, మీట నొక్కితే?" అని బురుల్ ఒకసారి మెల్లగా కదిపి చూసింది.

"నొక్కే వేలు ఎవరిది? నీదేనా?" అంది ఊల్కాన్. "అయితే నోరొకటీ వేలొకటీనా?"

అందుకని బురుల్ ఒక ఉపాయం చేసింది. తన ఫోర్త్ మూలాన్ని, అంటే తను రాసిన అసలు వరసల్ని, యంత్రం చదువుకుంటూ పోయేటప్పుడు మొదట్లోనే ఒకచోట ఆగి 'పేరు?' అని అడిగేలా పెట్టింది. పక్క కుర్చీలో పనిచేసే బుబుసారా వేరే ఇంటి కోడలు గనక, ఆమె వచ్చి పేరు కొట్టిపోయింది. మామగారి పేరు యంత్రంలోకి ఎక్కింది. కోడలి వేలు మైలపడలేదు. తర్వాత కట్టిన మాటలన్నీ ఆ పేరు మీదే నిలబడ్డాయి. ఈ తెలివికి బురుల్ తన వీపు తనే తట్టుకుంది.

ఊల్కాన్‌కు ఈ ఉద్యోగం మొదటినుంచీ కంట్లో నలుసే. చివరికి ఒక మాట మీద ఒప్పుకుంది. "మొదటి నీళ్ళ దాకా చూస్తాను. ఆ రోజు నలుగురిలో మన పరువు నిలబడిందా, చేసుకో నీ ఉద్యోగం. లేదంటే ఇంట్లో పదకొండు ఆవులున్నాయి, వాటికి చెప్పుకో నీ గణితం." ఆవిడ వేళాకోళానికి అనే మనిషి కాదు. బురుల్‌కు ఆవులంటే పగ లేదు. కానీ తను కట్టిన మాట ఒకటి నాలుగు కిలోమీటర్ల అవతల ఇనుప తలుపును కదిలిస్తుందంటే, ఆ సంతోషం పాల చెంబులో దొరకదని ఆమెకు తెలుసు.

కోపం కోపమే, ప్రేమ ప్రేమే. ఫోర్త్ మూలమంతా రోజూ వాడేది కాక వేరే ఒక ఫ్లాపీలో ఉందనీ, అది పోతే అంతా పోయినట్టేననీ కోడలు ఒకరోజు మాటవరసకు అంది. మర్నాడు ఊల్కాన్ ఆ ఫ్లాపీని పట్టుకుపోయి, ఎర్ర కంబళిగుడ్డలో మూడు మూలల తాయెత్తుగా కుట్టి, లోపల ఉప్పూ, ఎండిన అర్చా ఆకూ వేసి, తెచ్చి కంప్యూటరు పైన మేకుకు తగిలించింది. "ఎవరి కళ్ళూ పడవు," అంది. ఎవరి చేతులూ పడవని బురుల్ అనుకుంది గానీ పైకి "మంచిది అత్తయ్యా" అంది.

ఏడున్నరకు బురుల్ వరస టైపు చేసింది. 'జానెడు', తర్వాత తను తూముకు పెట్టుకున్న మారుపేరు 'పెద్దతలుపు', చివర 'ఎత్తు'. తెర మీద 'సరే' అని పడింది. అంటే ఎగువన మోటారు మొదలైంది. వేలెడు లేవడానికి రెండు నిమిషాలు పడుతుంది. జానెడంటే పావుగంట పైమాటే. కిటికీలోంచి చూస్తే, సంఘం గది ఉన్న గుట్ట కింద కిలోమీటరు దూరంలో పచ్చిక మీద యూర్తా గుడారాలు, పొయ్యి మీద పెద్ద డేగిసా, ఎండిన కాలువ గట్టు పొడవునా పరిచిన రంగుల కంబళ్ళు కనిపిస్తున్నాయి. అరవై మంది ఉంటారు. జిల్లా నీటి అధికారి కూడా వచ్చినట్టున్నాడు, ఆయన జీపు ఉంది. దోరోన్‌బెక్ అందరికంటే పై స్థానంలో కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని ఊల్కాన్ వచ్చింది. నలుగురిలోకి వెళ్ళేముందు కోడలి నిర్వాకం ఒకసారి చూసి పోదామని ఆవిడ ఉద్దేశం. తెల్ల తలపాగా బిగించి, మంచి బూట్లు తొడుక్కుని వచ్చింది. బుబుసారా అప్పుడు మైకు సరిచూస్తోంది. పచ్చికలో స్తంభానికి కట్టిన లౌడుస్పీకరుకు ఆ గదిలోనే మైకు ఉంది. దాని మీటకు ఒక జబ్బు, ఒకసారి నొక్కితే ఇక లేవదు.

"ఒకటి, రెండు, మూడు," అంటోంది బుబుసారా.

"దీనికి చెవులు కూడా ఉన్నాయేమిటే?" అంది ఊల్కాన్.

"అన్నీ వింటుంది పెద్దమ్మా. జాగ్రత్తగా మాట్లాడండి," అని బుబుసారా నవ్వి, స్క్రూడ్రైవరు మొనతో మీటను పైకి లేపింది.

అత్తగారు వచ్చి కూర్చుంటే కోడలు టీ పొయ్యకుండా నిలబడటం ఆ లోయలో ఇంతవరకు జరగలేదు. జరిగితే దాన్ని పదేళ్ళు చెప్పుకుంటారు. టీ కాచే సమోవర్ బయట గోడవారన పొగలు కక్కుతోంది. కాపలా మాట తన పని తను చూసుకుంటుంది, ఇక్కడ తను చేసేదేముంది? "ఒక్క నిమిషం అత్తయ్యా," అని బురుల్ కప్పులు తీసుకుని బయటికి వెళ్ళింది.

ఊల్కాన్ తీరిగ్గా తెరకేసి చూసింది. ఆవిడకు పని చూపిద్దామని బుబుసారా ఉత్సాహంగా 'చూపించు' కొట్టింది. యంత్రానికి తెలిసిన మాటలన్నీ పచ్చగా బారులు తీరాయి. వాటిలో, వరస మొదట్లోనే, ఎవరు పడితే వాళ్ళు చదివేటట్టు దోరోన్‌బెక్ అని ఉంది. ఊల్కాన్ చదువుకున్న మనిషే. కళ్ళద్దాలు కూడా పెట్టుకుంది.

"ఇదేమిటే?"

"తూము పేరు పెద్దమ్మా. నేనే కొట్టాను. మీ కోడలు ముట్టుకోలేదు."

"ముట్టుకోకపోతే? అది రోజంతా దీని ముందు కూర్చుని కళ్ళారా చదువుతోందిగా! మామగారి పేరు మొహం మీద దీపంలా వెలుగుతుంటే ఇదేం కోడలరికం? ఇవాళ జిల్లావాళ్ళు కూడా వచ్చి చూస్తారు. తీసెయ్."

"తియ్యకూడదేమో పెద్దమ్మా, ఆమెను అడిగి..."

"మీ అత్తగారు చెబితే ఇలాగే అంటావా?"

బుబుసారా మీటల మీదికి వంగింది. పెద్దావిడకు ఎదురు చెప్పడం ఆమెకు రాదు. పైగా అనవసరమైన మాట ఉంటే 'మరచిపో' అని చెప్పాలని బురుల్ నేర్పింది. ఏ మార్పు చేసినా వెంటనే 'దాచు' కొట్టాలని కూడా నేర్పింది, అదీ ఒకటికి పదిసార్లు. శిష్యురాలు రెండూ శ్రద్ధగా చేసింది. తెర 'సరే' అంది. మళ్ళీ 'సరే' అంది.

కాసేపటికి బురుల్ టీ పట్టుకుని లోపలికొచ్చింది. అత్తగారికి రెండు చేతులతో అందించింది. గోడ గడియారం ఏడూ యాభై చూపిస్తోంది. జానెడు అయిపోయి ఉండాలి. తలుపు ఎంత లేచిందో చూద్దామని 'ఎంత' అని కొట్టింది.

'ఎంత ?' అంది తెర.

ఫోర్త్‌కు తెలియని మాట చెబితే అది తిరిగి అదే మాట చెప్పి పక్కన ఒక ప్రశ్నార్థకం పెడుతుంది. ఎగతాళి చేస్తున్నట్టుంటుంది. బురుల్ 'ఆపు' కొట్టింది. 'ఆపు ?' అంది తెర. 'పెద్దతలుపు' కొట్టింది. 'పెద్దతలుపు ?' అంది.

"అక్కా," అంది బురుల్, "దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఏం లేదు చెల్లీ. ఒకే ఒక్క మాట తీసేశాను. పెద్దమ్మ చెబితే. తీసి దాచాను కూడా."

"ఏ మాట?"

బుబుసారా ఊల్కాన్ వంక చూసింది. ఊల్కాన్ టీ వంక చూసింది. బురుల్‌కు అర్థమైపోయింది.

"అయ్యో అత్తయ్యా! ఇందులో ఒక్క పేరు మరచిపొమ్మంటే, ఆ పేరు తర్వాత పుట్టినవన్నీ దాంతోబాటే పోతాయి. దాని మీద నిలబడ్డవి కదా అన్నీ!"

"మనుషుల్లో మాత్రం కాదా?" అంది ఊల్కాన్ వెంటనే. "ఏడు తరాల పేర్లు చెప్పలేనివాణ్ణి మన మనిషంటామా?" అనేసి, అప్పుడు ఆలోచించి, కప్పు కింద పెట్టింది. "అయితే ఆపేవాడు ఎవడే ఇప్పుడు?"

ఎవడూ లేడు. ఎత్తు అన్న మాట మోటారుకు చేరింది. చాలు అని చెప్పాల్సిన కాపలా మాయమైపోయింది. తలుపు వేలెడు వేలెడు చొప్పున లేస్తూనే ఉంటుంది. జానెడు నీళ్ళకైతే కాలువ సరిపోతుంది. తలుపు మొత్తం లేస్తే, పచ్చిక దగ్గర పశువులు తొక్కి కూలగొట్టిన గట్టు మీదుగా నదికి నదే లోపలికొస్తుంది. అరవై మంది ఆ గట్టు మీదే కూర్చుని బోర్సోక్ పిండివంట నములుతున్నారు. ఎగువన తూము దగ్గర నరమానవుడు లేడు. మనిషి అక్కర్లేకుండా చెయ్యడానికేగా ఇంత కష్టపడింది! ఆ రాళ్ళ దారిలో గుర్రం మీద పోయినా అరగంట. నీళ్ళు పచ్చికకు చేరడానికి పాతిక నిమిషాలు, అందులో కొన్ని అప్పుడే అయిపోయాయి.

ఊల్కాన్ ఆలోచించే రకం కాదు. లేచి, గోడలోంచి తీగ ఊడబీకింది. తెర ఆరిపోయింది.

"ఆగిందా?"

"లేదత్తయ్యా. రిలే పెట్టె అక్కడ తూము దగ్గరుంది. దానికి చివరగా విన్న మాటే శాసనం. ఇంకో మాట చెప్పేదాకా ఎత్తుతూనే ఉంటుంది." బురుల్ తీగ మళ్ళీ గుచ్చింది. కంప్యూటరు మూలుగుతూ లేవడం మొదలుపెట్టింది. లేచినా ఏం లాభం? యంత్రంలోని ఫ్లాపీలో దాచి ఉన్నది బుబుసారా శ్రద్ధగా దాచిన మతిమరుపు ఫోర్తే. రిలే పెట్టెతో మాట్లాడే పద్ధతి నలభై వరసలు, కంఠతా వచ్చే వ్యవహారం కాదు.

"ముందు జనాన్ని లేపండి అక్కా! మైకులో చెప్పండి!"

బుబుసారా మైకు మీద పడి, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచింది. "నీళ్ళొస్తున్నాయ్! నీళ్ళొస్తున్నాయ్!"

ముగ్గురూ కిటికీ దగ్గరికి పరిగెత్తారు. కింద పచ్చికలో ఒక్కసారి కోలాహలం లేచింది. చప్పట్లు, ఈలలు. ఆ కబురు కోసమేగా పొద్దున్నుంచి అందరూ ఎదురుచూస్తున్నది! యూర్తాల్లో ఉన్నవాళ్ళు కూడా బయటికొచ్చి, నీళ్ళు కళ్ళారా చూద్దామని గట్టు అంచుకు జరిగి కూర్చున్నారు. అధికారి మెడలో కెమెరా సర్దుకున్నాడు.

బుబుసారా మళ్ళీ మైకు అందుకుంది. "అలా కాదు, చాలా నీళ్ళొస్తున్నాయ్!"

చప్పట్లు రెట్టింపయ్యాయి. ఎవడో టోపీ ఎగరేశాడు.

"వీళ్ళ మొహాలు మండ! నేనే పోయి లాక్కొస్తాను," అని బుబుసారా బూట్లు చేత పట్టుకుని గుట్ట దిగువకు లగెత్తింది. మైకు మీట నొక్కింది నొక్కినట్టే ఉండిపోయింది. దాన్ని లేపే తీరిక ఎవరికుంది?

గదిలో అత్తా కోడలూ మిగిలారు. బురుల్ తల పైకెత్తి మేకుకు వేలాడుతున్న ఎర్ర తాయెత్తును చూసింది. ఊల్కాన్ కూడా చూసింది.

"అందులో అంతా ఉందన్నావు కదూ?"

"ఉంది. కానీ కోస్తే..."

ఊల్కాన్ కొయ్యనైనా కొయ్యలేదు. మేకు నుంచి ఒక్క లాగు లాగి, తను వేసిన కుట్లను తనే పళ్ళతో కొరికి తెంపింది. ఉప్పు, అర్చా ఆకు నలుసులు మీటల మీద రాలాయి. బురుల్ ఫ్లాపీని ఊది, గౌనుకు తుడిచి, యంత్రంలో పెట్టింది. సూది ఎక్కడైనా దిగి ఉంటే ఇంతటితో సరి. యంత్రం గరగరమంది. ఆగింది. మళ్ళీ గరగరమంది.

"చదువుతోందా?"

"తెలీదత్తయ్యా."

కిటికీ అవతల, పై మలుపు దగ్గర కాలువలో నల్లటి గీతొకటి కనిపించింది. ముందు దుమ్మూ చెత్తా తోసుకుంటూ మొదటి నీళ్ళు వస్తున్నాయి. వాటి వెనక గీత కాదు, గోడే ఉంది. కింద దోరోన్‌బెక్ లేచి నిలబడ్డాడు. నీళ్ళొచ్చేముందు పెద్దమనిషి దీవెన ఇవ్వాలి. ఆయన అరచేతులు చాచాడు. అరవై మందీ అరచేతులు చాచారు. ఇక దీవెన ముగిసి, మొహాలు తుడుచుకుని 'ఓమీన్' అనేదాకా అక్కణ్ణుంచి ఒక్క మనిషి కదలడు. పాపం బుబుసారా ఇంకా సగం గుట్ట దిగలేదు.

తెర మీద ఒక అక్షరం పడింది. తర్వాత మాట. బురుల్ ఊపిరి వదిలింది. ఫ్లాపీ చదువుతోంది. దేవుడా, చదువుతోంది!

'పేరు?' అని అడిగి తెర ఆగింది.

బురుల్ వేళ్ళు మీటల పైన గాలిలో నిలిచిపోయాయి. ఆనాడు ఎంతో తెలివిగా తనే తవ్వుకున్న గొయ్యి ఇది. పేరు కొట్టాల్సిన బుబుసారా గుట్ట మీద పరుగెత్తుతోంది. ఈ పేరు పడందే తర్వాతి మాట పుట్టదు. ఆపు పుట్టదు, కాపలా పుట్టదు.

"ఏమంటోంది?" అంది ఊల్కాన్.

"పేరడుగుతోందత్తయ్యా."

"ఎవరి పేరు?"

బురుల్ తల వంచుకుంది. ఆ వంచుకోవడంలోనే అత్తగారికి జవాబు దొరికింది. ఆవిడ మొహంలో రంగు పోయింది. కిటికీలోంచి కిందికి చూసింది. తెల్ల టోపీ ఒకటి అందరి ముందూ, నీళ్ళకు అందరికంటే దగ్గరగా, వీపు చూపిస్తూ నిలబడి ఉంది.

అప్పుడే బురుల్ బుర్రలో ఏదో వెలిగింది. అసలు ఇక్కడ ఏ పేరు కొడితే మాత్రం ఏమిటి? యంత్రం సరిచూడదు కదా. మామగారి పేరే కానక్కర్లేదు. ఏదో ఒక అక్షరం కొట్టినా అదే పేరైపోతుంది, మిగతాదంతా దాని మీదే నిలబడుతుంది! "అత్తయ్యా, అక్కర్లేదు, ఏదైనా..." అని తల తిప్పింది.

ఆలస్యమైపోయింది. యంత్రం పేరడిగింది. యంత్రానికి చెవులున్నాయని పొద్దున్నే తెలిసింది. ఊల్కాన్ రెండు చేతులతో మైకు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, నలభై ఒక్క ఏళ్ళు గుండెలో దాచుకున్న మాటను బయటికి వదిలింది.

"దోరోన్‌బెక్! దోరోన్‌బెక్!! ఓ దోరోన్‌బెక్, వినబడుతోందా!"

లోయంతా మోగింది. ఎదుటి కొండ ఆ పేరును ఇంకోసారి పలికింది.

కింద దీవెన మధ్యలో తెగిపోయింది. చాచిన అరచేతులు చాచినట్టే ఉన్నాయి. తన పెళ్ళాం గొంతు, అందులో తన పేరు! దోరోన్‌బెక్ మెల్లగా వెనక్కి తిరిగాడు. ఊల్కాన్ ఆ పేరు ఎత్తిందంటే ఇల్లు తగలబడిపోయి ఉండాలి, లేదా కొడుక్కి ఏదో అయి ఉండాలి, లేదా ఆవిడే పోతూ ఉండాలి. నాలుగోది ఏదీ ఆయనకు తోచలేదు. అరవై నాలుగేళ్ళ మనిషి కంబళ్ళు తొక్కుకుంటూ పరుగెత్తి, ఎవరిదో గుర్రం ఎక్కి, గుట్ట మీదికి తోలాడు. అది చూసి ఆయన తమ్ముళ్ళు లేచారు. వాళ్ళ వెనక భార్యలు, వాళ్ళ వెనక ఊరు. ఊల్కాన్ నోట మొగుడి పేరు వినబడ్డాక గట్టున కూర్చుని నీళ్ళు చూసే ధైర్యం ఎవరికుంటుంది? చివరగా, విషయమేమిటో తెలియని అధికారి, అందరూ పరుగెత్తుతున్నారు గనక తనూ చేతిలో రొట్టెముక్కతో పరుగెత్తాడు. వాళ్ళను లాక్కురావడానికి పోయిన బుబుసారాను దాటుకుని జనమంతా పైకొచ్చేశారు. ఆమె మళ్ళీ వెనక్కి తిరిగి పరుగెత్తాల్సి వచ్చింది.

బురుల్ చేతికందిన మీట ఒకటి నొక్కింది. తెర మారు మాట్లాడకుండా ఆ అక్షరాన్నే పేరుగా పుచ్చుకుని మిగతా మాటలన్నీ గడగడా చదివేసింది. బురుల్ 'పెద్దతలుపు', 'దించు' అని కొట్టింది. 'సరే' అంది తెర. ఆ 'సరే'ను చూసి బురుల్ బల్ల మీద తల వాల్చేసింది.

అప్పటికే బయల్దేరిన నీళ్ళు మాత్రం ఎవరి మాటా వినవు. గట్టు మీదుగా పొర్లి పచ్చిక మీదికొచ్చి, పొయ్యి ఆర్పి, రెండు కంబళ్ళనూ ఒక కెటిల్‌నూ మోసుకుపోయి, అధికారి జీపును తలుపుల దాకా ముంచి, శాంతించాయి. జనం గుట్ట మీద నిలబడి, ఇందాక తాము కూర్చున్న చోటు కేసి నోళ్ళు తెరుచుకుని చూశారు. ఒక్కడికి కూడా బూటు తడవలేదు.

దోరోన్‌బెక్ గది తలుపు విరిగేటంత ఊపుతో లోపలికొచ్చాడు. భార్య బతికే ఉంది. కోడలు బతికే ఉంది. ఆయన గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఏమైందే?" అన్నాడు.

"ఏమీ కాలేదు," అంది ఊల్కాన్ గోడ వైపు తిరిగి. చెవుల దాకా ఎర్రబడిపోయింది.

ఊపిరి కూడదీసుకుని అధికారి అడిగిన మొదటి ప్రశ్న, ఇదంతా ఎవరి నిర్వాకమని. బుబుసారా నేల చూపులు చూసింది. బురుల్ లేచి నిలబడింది. అయిపోయింది, రేపట్నుంచి పదకొండు ఆవులే అనుకుని నోరు తెరవబోయింది.

"నాది," అంది ఊల్కాన్. "ఉన్న పేరును చెరిపించింది నేను. తీగ పీకింది నేను. ఈ పిల్ల కట్టిందాంట్లో తప్పేమీ లేదు. పెద్దదాన్ని, నాకు బుద్ధి లేకపోయింది. రాసుకో." అధికారి కలం తీశాడు. కానీ నలభై ఒక్క ఏళ్ళ ఆచారాన్ని లౌడుస్పీకరులో తెంపి అరవై ప్రాణాలు కాపాడిన మనిషి మీద ఏం రాయాలో తోచక, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఇంటి దగ్గర బురుల్ టీ పోస్తూ, అత్తగారు ఏమంటుందోనని చూస్తోంది. ఊల్కాన్ రొట్టె తుంచుతూ, ఎటో చూస్తూ అంది. "రేపట్నుంచి పాలు నేనే పితుక్కుంటాను. నువ్వు పొద్దున్నే ఆ యంత్రం దగ్గరికి పో. నేను లేనప్పుడు ఎవరైనా వచ్చి ఏదైనా తీసెయ్యమంటే వినకు. నేనొచ్చి చెప్పినా వినకు."

బురుల్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల ఊపింది.

తర్వాత గుర్తొచ్చి, మామగారి వైపు తిరగకుండా, "తూముకు ఇప్పుడు ఒట్టి అక్షరమే ఉంది. సాయంత్రం బుబుసారా అక్కతో మళ్ళీ పేరు కొట్టిస్తాను," అంది.

"వద్దులే కోడలా," అన్నాడు దోరోన్‌బెక్. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "యంత్రంలో ఉండకపోయినా పర్లేదు. ఇంకోచోట భద్రంగా ఉందని తెలిసిందిగా." టీ చల్లార్చుకుని, భార్య వైపు కొంచెం జరిగాడు. "ముసల్దానా... ఇంకొక్కసారి పిలవవే."

ఊల్కాన్ ఆయన కప్పు నింపి ముందుకు తోసింది.

"మళ్ళీ వరదొచ్చినప్పుడు చూద్దాం."